ఏడాది ఫోటో

భూపాలపల్లి
22 ఆగస్టు 2011

వదినెకు,

విజయ రాస్తున్నది. ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో ఫోను నీ కొడుకు సురేందర్ జేబులో ఉంటుంది. వాడు "అవ్వా, మేనత్త" అని స్పీకర్ పెట్టి నీ ముందు పెట్టేస్తాడు. అరుగు మీద ఉన్నవాళ్లందరూ వింటారు. మనం మాట్లాడుకోవాల్సింది పదిమందిలో మాట్లాడేది కాదు. యాభై దాటాక పలక పట్టి నువ్వు అక్షరాలు నేర్చుకున్నందుకు ఇప్పుడు నాకు ఎంత నయమైందో.

ఆగస్టు అయిపోవచ్చింది. రొమ్ము ఫోటో తీయించే నెల ఇది. ఎడమ పక్క తీసేసి ఈ అక్టోబర్‌కు తొమ్మిదేళ్లు. కుడి పక్కను ఏటా చూపించుకోవాలని అప్పుడే చెప్పారు. నిరుడు మా ఆయన కాలు విరిగి నేను రాలేకపోయాను, నువ్వొక్కదానివే హన్మకొండ పోయి తీయించుకుని వచ్చావు. ఈసారి నేను వస్తాను. సెప్టెంబర్ ఐదు, సోమవారం. పొద్దున తొమ్మిదింటికల్లా హన్మకొండ బస్టాండులో ఉంటాను. రేషన్ కార్డు, పాత ఫైలు, పోయినసారి ఫోటో మరిచిపోకు.

డెబ్బై మూడేళ్లు వచ్చాయి, ఇంకా ఎందుకే అంటావు. నాకు తెలుసు. ఆ మాట నేను ఒప్పుకోను. ముప్పై మూడేళ్లు ఏఎన్ఎం నర్సుగా ఊరూరూ తిరిగినదాన్ని, ఇందులో నీకన్నా నాకు నాలుగు ముక్కలు ఎక్కువే తెలుసు. నా మాట విను.

నీ ఆడబిడ్డ
విజయ


చిల్పూర్
2 సెప్టెంబర్ 2011

విజయకు వదినె వెంకటనర్సమ్మ దీవెనలు.

నీ కాయితం అందింది. పొయ్యి కాడ కూసోని చదివిన. కోడలు రాజీ "ఎవలు రాసిండ్రత్తమ్మా" అన్నది. "విజయ. గుట్ట మీది సామికి మొక్కున్నదట, ఎప్పుడు రావాల్నో అడిగింది" అన్న. మా గుట్ట మీది సామిని బుగులు సామి అంటరు గద. ఆయన కన్న నీకే బుగులెక్కువ పిల్లా, ప్రతిదానికి భయపడ్తవ్.

సోమవారం రావశం గాదు. పత్తిల కలుపు తీసెటోళ్లు దొరుకుత లేరు. దొరికిన ఇద్దరి ముందట నేను గూడ వంగకుంటే వాళ్లు పొద్దందాక బీడీలు తాగుతరు. ఇంకోటేందంటే, ఇయ్యాలో రేపో సమ్మె అంటున్నరు, బస్సులు నడుస్తయో నడువయో తెలువది. ఇప్పుడు ఊర్ల ఎవల్ని ఏమడిగినా ఒకటే మాట. పిల్లకు పెండ్లెప్పుడు అంటే తెలంగాణ వచ్చినంక. ఇంటికి సున్నమెప్పుడు అంటే తెలంగాణ వచ్చినంక. నా ఫోటో గూడ గట్లనే, తెలంగాణ వచ్చినంక తీయించుకుంట.

నిరుడు తీసింది బాగనే ఉన్నదన్నరు. మొన్న నీ మొగడు సదానందం తమ్ముడు ఘన్‌పూర్‌ల మీటింగుకు వచ్చి ఇంటికొచ్చిండు. ఆయన చేతికే ఆ ఫోటో కవరు ఇచ్చి పంపిన. అదేందో ఆయనకు చెప్పలే, నువ్వు గూడ చెప్పకు. నువ్వే చూసుకో, మనసు నిమ్మలం చేసుకో.

తమ్ముడు ఇంక కుంటుతనే ఉన్నడు. బొగ్గు బాయి పనికి పోతుండా, ఇంట్లనే కూసోని నీ బుర్ర తింటుండా.

వదినె


భూపాలపల్లి
24 సెప్టెంబర్ 2011

వదినెకు,

గనులు మూతపడి పన్నెండు రోజులైంది. బొగ్గు కదలడం లేదు. మా కాలనీలో ఆడవాళ్లం రోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించి అక్కడే వండి అక్కడే తింటున్నాం. మా ఆయన కట్టె పట్టుకుని కుంటుతూనే ధర్నాలో కూర్చుంటున్నాడు. ఇంతమందిలో ఉండి కూడా రెండు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. కారణం సమ్మె కాదు. నువ్వు.

కవరులోంచి ఫిల్ము తీసి కిటికీకి పట్టి చూశాను. కింద మూలన సన్నటి అంకెలు ఉంటాయి, నువ్వెప్పుడూ చూసి ఉండవు. 2009 ఆగస్టు 18 అని ఉంది. ఇది నిరుటిది కాదు, ముందటేడుది. ఆ రోజు నీ పక్కన నేనే ఉన్నాను.

అంటే నిరుడు నువ్వు పోలేదు. "తీసిండ్రు, బాగనే ఉన్నదన్నరు" అని ఫోనులో నాకు చెప్పావు. నేను నమ్మి గుట్ట దిక్కు తిరిగి దండం పెట్టుకున్నాను. రెండేళ్లుగా లోపల ఏముందో ఎవరూ చూడలేదు. ఎవరిని మోసం చేశాననుకున్నావు వదినె? నన్నా, నిన్నా?

నీకిది కొత్త కాదు. ఆనాడు కూడా గడ్డ కనబడితే సిగ్గుపడి ఎనిమిది నెలలు దాచుకున్నావు, ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. అన్న పోయేదాకా ఆ బాధతోనే ఉన్నాడు. మళ్లీ అదే చేస్తున్నావు. ఈసారి నేను ఊరుకోను. పది రోజుల్లో నీ నుంచి జవాబు రాకుంటే సురేందర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పేస్తాను. వాడే నిన్ను ఆటోలో వేసుకుని పోతాడు.

విజయ


చిల్పూర్
2 అక్టోబర్ 2011

విజయకు దీవెనలు.

నీ కాయితం మూడుసార్లు చదివిన. సురేందర్‌కు చెప్పకు. నీకు నేనే చెప్త, ఎందుకు తీయించుకోలేదో.

నిరుడు పోలేదనేది అబద్ధం. పోయిన. పొద్దుగాల బస్సుకు పోయి ఆ సెంటర్ల చీటి రాయించుకోని బెంచి మీద కూసున్న. ఎప్పుడు ఫోటో తీసే ఆడామె కనబడలే. పని మానేసిందట. లోపటికెళ్లి ఒక మొగ పిలగాడు చీటి పట్టుకోని వచ్చి "వెంకటనర్సమ్మ" అని పిలిచిండు. తల ఎత్తి చూస్తే యుగేందర్.

గుర్తున్నదా. పెద్దవంగర పిలగాడు. మా చెల్లె బిడ్డ సంగీత మొగడు. నువ్వు పెండ్లికి వచ్చినవు గద. మా చెల్లె మొగడు లేని మనిషి, అందుకని పీటల మీద నేనూ మీ అన్న కూసున్నం. ఆ పిలగాని కాళ్లు ఈ చేతులతోని కడిగి నెత్తిన సల్లుకున్న. కడుపున పుట్టిన బిడ్డ మొగడు ఎంతో ఈ పిలగాడు గంతే. ఇంటికొస్తే తలుపు సాటుకు నిలబడి, "మంచిగున్నవా బిడ్డా" అని మాత్రం అంట. ఆయన ముందట మంచం మీద గూడ కూసోను. ఆ మిషిన్ల రెండు పలకల నడుమ పెట్టి వత్తేది ఆయన చేతులతోనేనంట.

చీటి మీద ఏ పక్క తీయాల్నో, ఏ పక్క లేదో రాసి ఉంటది. ఆ పిలగాడు చీటి చదివిండు. నన్ను చూసిండు. "అత్తమ్మా" అన్నడు. నేను కొంగు నెత్తి మీదికి గుంజుకోని లేచి బయటికి వచ్చిన. తల కొట్టేసినట్టయింది విజయా. చెప్పులు ఆన్నే ఇడిసిపెట్టి వచ్చిన, బస్టాండుకు పోయినంక చూసుకున్న.

మన చుట్టాలందరికి కడుపుల గడ్డ ఆపరేషన్ అని చెప్పుకున్నం. నేను గన్నేండ్లు ఎడమ దిక్కు గుడ్డ మడిచి పెట్టుకోని పెండ్లిండ్లకు, పురుళ్లకు తిరిగిన. ఒక్క చీటితోని అంత పోయింది. సంగీతకు చెప్పే ఉంటడు. సంగీత అత్తకు చెప్పే ఉంటది. అప్పట్నుంచి ఆ పిల్ల ఇంటికి పోలే. మానుకోటల ఇల్లు తీసుకున్నరు, రమ్మన్నది, పోలే. కొడుకు పుడితే తొట్లె ఫంక్షన్‌కు గూడ జెరమొచ్చిందని అబద్ధమాడిన.

నొప్పికి భయపడి కాదు. పానానికి భయపడి గూడ కాదు. ఇగ ఆ జాగకు పోవుడు నాతోని కాదు. డెబ్బై మూడేండ్లు, షుగరున్నది, బీపీ ఉన్నది. ఎట్లనన్న పోయేటి మనిషినే.

ఎల్లుండి సద్దుల బతుకమ్మ. ఈయేడు ఊరోళ్లమంత పెద్ద రోడ్డు మీదనే ఆడుతమంటున్నరు, లారీలు ఆపి. నేను పూవుకు పోవాలె, రాయుడు బంద్ చేస్తున్న.

ఇంకో మాట. ఆనాడు సిగ్గుపడి దాచుకున్నవ్ అని రాసినవు. కొడుకు అన్నడు, పడ్డ. మీ అన్న అన్నడు, పడ్డ. నువ్వు మాత్రం రాయకు.

వదినె


భూపాలపల్లి
27 అక్టోబర్ 2011

వదినెకు,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం, లేచిపోవడం, ఇదే పని అయింది. సమ్మె కదా, పోస్టు అందలేదని చెప్పేద్దామని కూడా అనుకున్నాను. నీ చివరి రెండు వాక్యాలకు జవాబు రాయలేక.

ముందు సులువైనది రాస్తాను. బస్సులు మొదలవగానే నీ పాత ఫోటో పట్టుకుని హన్మకొండలో ఏటా నిన్ను చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "మా వదినె ఇక రానంటున్నది, మీరన్నా గట్టిగా చెప్పండి" అన్నాను. ఆమె తన దగ్గరున్న నీ పాత కాగితాలన్నీ తిరగేసి, "గట్టిగ చెప్పేదానికి ఇందులో ఏముందమ్మా" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. ఇంకో పదేళ్లు హాయిగా బతికేటట్టున్న మనిషికి ఏడాది ఫోటో పనికొస్తుంది, చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. గుండెనో కిడ్నీనో బాగా చెడిపోయి మంచం పట్టిన మనిషికి దాంతో లాభం తక్కువ, లేనిపోని భయం, లేనిపోని సూదులు. మీ వదినె ఈ రెంటికీ నడుమ ఉంది. నడుమ ఉన్నవాళ్లకు మేం చెప్పం, వాళ్లనే అడుగుతాం అంది.

"ఆమెను అడిగినవా?" అంది.

"ఏమని?"

"ఫోటోలో ఏమన్న కనబడితే మళ్లా కోయించుకుంటదా? మందులు పెట్టించుకుంటదా? చేయించుకోను అనేటట్టయితే చూసి ఏం చేస్తం? తొమ్మిదేండ్ల సంది తీసుకొస్తున్నవు గద, ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

"నువ్వెందుకమ్మా గింత పరేషాన్ అయితున్నవ్" అని కూడా అడిగింది. నా దగ్గర జవాబు ఉంది. ఆమెకు చెప్పకుండా లేచి వచ్చాను. ఆ జవాబు ఇప్పుడు నీకు రాస్తాను. నీకు తెలియనిది కాదు, కానీ నా నోటితో నువ్వు వినలేదు.

2002, మేడారం జాతర. నేను మెడికల్ క్యాంపు డ్యూటీలో ఉన్నాను. నువ్వు అమ్మవార్లకు బెల్లం అప్పజెప్పి నా డేరాలోకి వచ్చావు. చీర నిండా ఎర్రదుమ్ము. "విజయా, సంక కింద కందిగింజంత గడ్డ తలుగుతున్నది, జర చూడు" అని రవికె హుక్కు మీద చెయ్యి వేశావు. బయట వాంతులు విరేచనాల వాళ్లు బారుగా నిలబడ్డారు. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. ఇవన్నీ కారణాలే, కాదనను. అయినా ఒక్క నిమిషం పని. నేను చెయ్యి పెట్టి చూడలేదు. నీ దిక్కు తిరగను కూడా తిరగలేదు. "ఈ వయసుల కొవ్వు గడ్డలు మామూలే వదినె, ఇంటికి పో" అన్నాను. ఊరూరా ఆడవాళ్లను కూర్చోబెట్టి, గడ్డ తగిలితే దాచుకోవద్దు తల్లీ, వెంటనే చూపించండి అని చెప్పే నౌకరీ నాది. నువ్వు చూపించావు. నేను చూడలేదు.

అక్టోబర్‌లో హైదరాబాద్ దవాఖాన వరండాలో నువ్వు స్ట్రెచర్ మీద ఉన్నావు. ఇంత ముదిరేదాకా ఏం చేశారని డాక్టరు కోప్పడి పోయాడు. అన్న నా దిక్కు తిరిగి, "ఇన్ని దినాలు ఎందుకు చూపెట్టలేదట?" అని అడిగాడు. నేను నోరు తెరిచి, "సిగ్గుపడి దాచుకున్నదన్నా" అన్నాను. నీ కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశావు.

ఆ రోజు నుంచి దొంగకు తేలు కుట్టినట్టే బతికాను. అన్న నిన్ను తిట్టినప్పుడల్లా పక్కనే ఉండి చాయ కలిపి ఇచ్చాను. ఏటా నిన్ను హన్మకొండ గుంజుకుపోయింది నీ కోసమే అనుకున్నాను. కాదు. బాగానే ఉందని వాళ్లు అన్నప్పుడల్లా నాకు ఇంకో ఏడాది శిక్ష వాయిదా పడ్డట్టుండేది. ఆ అబద్ధం అందరికీ చెప్పి చెప్పి నాకే నిజమైపోయింది. చివరికి మొన్న నీకే రాశాను. నిజం తెలిసిన ఒక్క మనిషికి. నీ ఉత్తరం చదివాక ఆ రాసిన చెయ్యిని పొయ్యిలో పెట్టాలనిపించింది.

ఇగ పుస్తకం మాటలు నాకు వస్తలేవు వదినె. అడుగుతున్న. తొమ్మిదేండ్లల్ల అడగంది ఇప్పుడు అడుగుతున్న. నీకేం కావాలె? ఫోటో తీయించుకుంటవా, బంద్ పెడతవా? ఏమన్న దొరికితే చేయించుకుంటవా? నువ్వేది చెప్తే గదే. నేను గుంజుకపోను. సురేందర్‌కు నీ సంగతి చెప్పలే. నా సంగతి చెప్పాలె, దానికి ఇంకా ధైర్యం చాలుత లేదు. సిగ్గయితున్నది.

విజయ


మానుకోట (మహబూబాబాద్)
19 నవంబర్ 2011

విజయకు,

దీవెనలని రాయలే, చూసినవు గద. రాయబుద్ధి కాలే.

నీ కాయితం అందినంక వారం దినాలు సగం బువ్వనే తిన్న. రాజీ, ఏమైందత్తమ్మా అంటే, పండ్లు గుంజుతున్నయన్న. ఎనిమిదో దినం సంచి సదురుకోని రైలెక్కి మానుకోట వచ్చిన. సంగీత ఇంట్లనే ఉన్న.

ఆ పిల్ల నన్ను చూసి గుమ్మంల నిలబడ్డది. "ఏం తప్పు చేసిన పెద్దమ్మా, నా కొడుకు మొఖం గూడ చూడ రాలే" అని ఏడ్చింది. నాకు అర్థం కాలే. అడుగంగ అడుగంగ తెలిసింది. యుగేందర్ ఇంట్ల ఒక్క మాట చెప్పలే. పెండ్లానికి చెప్పలే, తల్లికి చెప్పలే. ఏడాది దాటింది. నా చెప్పులు మాత్రం ఇంటికి తెచ్చి, అత్తమ్మ బస్సుల మరిచిపోయిందట అని సంగీతకు ఇచ్చిండట. గసుంటి పిలగాని మీద నేను ఏమేమో అనుకోని, పసిపోరని తొట్లెకు గూడ రాక, అందర్ని దూరం పెట్టిన. నీ తప్పు ఒకటైతే నా తప్పు గది.

తలుపేసి, రవికె ఇప్పి సంగీతకు చూపెట్టిన. దవాఖానోళ్లు గాక, మీ అన్న తప్ప, నువ్వు తప్ప ఎవలు చూడలే అప్పటి దాక. ఆ పిల్ల గడ్డి కోసెటప్పుడు తెగిన చేతిని చూసినట్టు చూసింది. "నొస్తదా?" అన్నది. "నొయ్యదు" అన్న. "మరి గీ గుడ్డలన్ని ఎందుకు కుక్కుకున్నవ్, ఎండకాలం పొక్కులు రావా" అన్నది. వస్తయి. ఏటా వస్తయి. తొమ్మిదేండ్లల్ల గా మాట అడిగిన మనిషి లేదు.

నువ్వు అడిగిందానికి జవాబు. మస్తు ఆలోచన చేసిన. కనబడితే, చిన్నదైతే, కోయించుకుంట. ఎంట్రుకలు ఊడె సూదిమందు వద్దు. అన్నం వాసనకే కడుపుల దేవేటి ఆ ఆరు నెలలు మల్ల నాకొద్దు, ఎవలు బతిమిలాడినా వద్దు. ఫోటో మాత్రం తీయించుకుంట. ఎన్నేండ్లంటె, నా కాళ్ల మీద నేను బస్సు ఎక్కినన్నేండ్లు. ఎవలన్న రెక్క పట్టి ఎక్కియ్యాల్సి వచ్చిన ఏడు బంద్. ఆ దినం నన్ను బతిమిలాడొద్దు. డాక్టరమ్మకు గిట్లనే చెప్పు.

మొన్న బుధవారం పోయి తీయించుకున్న గూడ. సంగీత తోలుకపోయింది. పొద్దుగాల ఒక ఆడపిల్ల ఉంటదని యుగేందరే చెప్పి, ఆయన ఆ దినం సెలవు పెట్టుకున్నడు. ఫోటో బాగనే ఉన్నదన్నరు. ఈసారి నిజంగనే అన్నరు, కవరు మీద తారీఖు చూసుకో.

మిషిను కాడికి పోకముందు చీటి నింపుకుంట అడుగుతరు గద, గడ్డ మొదలు ఎప్పుడు చూసుకున్నవ్, దవాఖానకు ఎప్పుడు పోయినవ్ అని. ఏటా నువ్వు నా పక్కన కూసోని ఆ జవాబు చెప్తుంటివి. జాతరకు చూసుకున్నది, దసరాకు పోయింది, సిగ్గుపడ్డది అని. నేను తల వంచుకోని వేలిముద్ర వేసినట్టు ఊకుంటుంటి. ఈసారి నువ్వు లేవు. ఆ మిషిను పిల్ల, "ఎనిమిది నెలలు ఎందుకాగినవ్ అవ్వా, సిగ్గుపడ్డవా?" అన్నది.

"లేదు బిడ్డా. నెల తిరగకముందే చూపెట్టిన. చూసెటామె చూడలే" అన్న.

"ఎవలామె?" అన్నది. మా ఇంటి మనిషే అన్న. నీ పేరు చెప్పలే. సంగీత నా మొఖం చూసింది, నేను లేచి మిషిను కాడికి పోయిన.

గంతే మాట విజయా. రెండు ముక్కలు. గా రెండు ముక్కలు వరండాల మీ అన్నకు చెప్పుంటే, ఆయన సచ్చేదాక నన్ను సిగ్గుమాలిన సిగ్గు పడ్డదానివని తిట్టకపోతుండె. చెప్పితే నీ నౌకరి పోతదని ఊకున్న. చిన్నప్పటి సంది నీ తల దువ్విన చేతులు, నిన్ను పది మందిల నిలబెట్టబుద్ధి కాలే. నువ్వన్న ఏదో ఒకనాడు ఆయనకు చెప్తవని చూసిన. ఆయన పాడె లేచేదాక చూసిన.

నాకు కోపం లేదని రాస్తే నీకు నిమ్మలమైతది. ఉన్నది. కాయితం చదివినంక ఇంకా ఎక్కువైంది. నన్ను నాలుగు దినాలు కోపానికి రానియ్యి, తొమ్మిదేండ్ల సంది దానికి గూడ జాగ లేకపాయె.

వచ్చే ఆగస్టుకు నువ్వు రా. సురేందర్‌ను గూడ తోలుకపోదాం, వాడు ఇప్పటికి వాళ్ల నాయిన అన్న మాటనే అంటడు. చీటి రాసెటప్పుడు ఆ పిల్ల మల్ల అడుగుతది, ఎందుకు ఆలస్యమైందని. వాడు పక్కనే కూసోని ఉంటడు. నేను మాట్లాడ. జవాబు నువ్వు చెప్పు.

వెంకటనర్సమ్మ